రోమింగ్‌లో అత్తయ్యగారు

పోయినవారం మిమ్మల్ని మా గుమ్మంలోనే నిలబెట్టేశాను. ఏలూరు నుంచి బస్సు దిగి వచ్చిన మా ఆడపడుచు క్యాథరిన్ వదిన చెప్పులైనా విప్పకుండా చెయ్యి చాపి, "ఏదీ, ఆ ఫోను ఇలా ఇయ్యి" అంది. నేను ఇవ్వలేదు. కొంగులో చుట్టుకున్నాను. కథ అక్కడ ఆగింది.

ఎందుకివ్వలేదో చెప్పాలంటే ముందు అత్తయ్యగారి సంగతి చెప్పాలి. మా అత్తయ్యగారు విక్టోరియమ్మ మా భీమడోలు సంఘం వాళ్ళతో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్ళారు. మా పాస్టరు నిత్యానందం అయ్యగారు పెద్దగా ఉండి అందర్నీ తీసుకువెళ్ళారు. పైదేశంలో సెల్‌ఫోను ఎత్తితే చాలు, బిల్లు మోగిపోతుందని ఎవరో భయపెట్టేసరికి, అంతమందికీ కలిపి ఒక్క ఫోను చాలని స్త్రీల సమాజంలో అనుకున్నారు. ఆ ఒక్కటీ అత్తయ్యగారిది. రోజూ పొద్దున్నే ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే అందరూ క్షేమం. రెండు రింగులిస్తే ఏదో అవసరం, మనమే తిరిగి చెయ్యాలి. మావైపు మిస్డ్ కాల్‌తో పాలవాణ్ణి పిలుస్తాం, రైలు దిగామని చెబుతాం, అన్నం వండమంటాం. ఎవరైనా తొందరపడి ఫోను ఎత్తేస్తే వాళ్ళని తిట్టుకుంటాం కూడా. అందుకని ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది. హైదరాబాదు నుంచి రింగు వచ్చింది. బొంబాయి నుంచీ వచ్చింది. అక్కడ పెద్ద విమానం ఎక్కారు. ఆ తర్వాత అత్తయ్యగారి పేరు నా ఫోనులో కనబడితే ఒట్టు.

మనం చేస్తే స్విచ్ఛాఫ్. హైదరాబాదులో యాత్ర ఆఫీసువాళ్ళకి చేస్తే, "అందరూ బాగున్నారు మేడమ్" అని పాఠం అప్పగించేసినట్టు చెప్పి పెట్టేస్తారు. వాళ్ళు అందరికీ అదే చెబుతున్నారు.

ఆ ఫోనుకు రోమింగు వేయించింది నేనే. రైల్వే గేటు పక్క సెల్ షాపుకి బాబుని చంకనేసుకుని వెళ్ళి, "పై ఊరు వెళుతున్నారండి, రోమింగు వెయ్యండి" అని వేయించుకొచ్చాను. ఇంట్లో ఎవరూ ముట్టుకోని ఫోనుని నేర్చుకుని, అత్తయ్యగారికి నేర్పిందీ నేనే. అందుకే ఇప్పుడు అందరూ నావైపే చూస్తున్నారు.

"జ్యోత్స్నా, ఫోను."

వదిన ఏలూరులో టీచరు. పిల్లల చేతుల్లోంచి వస్తువులు లాక్కోవడం ఆవిడకి అలవాటు. నా కొంగు మడత విప్పడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

"అమ్మ మిస్డ్ కాల్ ఏదైనా వచ్చి, నీకు చూడటం తెలీక వదిలేశావేమో అని వచ్చాను. దీనికి ఇంత గొడవెందుకు?" అంటూ బటన్లు నొక్కింది. ఒక్కొక్కటే చూసింది. ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ చూసింది.

"ఇదేంటి? ప్రైవేట్ నెంబర్, ప్రైవేట్ నెంబర్, ప్రైవేట్ నెంబర్... ఎవరిది?"

"తెలీదండి వదినా."

"పేరూ లేదు, నెంబరూ లేదు. నెంబరు దాచుకుని చేసేవాడు ఎవడు?"

"తెలీదండీ. నిజంగా."

"తెలీకపోతే రోజూ అదే వేళకి ఎందుకు చేస్తాడు? తమ్ముడు గూడెం బండి ఎక్కాకే ఎందుకు చేస్తాడు?"

నాకు తెలిసిన ప్రైవేటు అంటే ప్రైవేటు బస్సు, ప్రైవేటు ఆసుపత్రి. నెంబరుకి ప్రైవేటు ఏమిటో నాకు తెలీదు. తెలిసిందల్లా ఒకటే. మా ఆయన జాకబ్ తాడేపల్లిగూడెం రైసుమిల్లుకి పాసింజరు బండిలో వెళ్ళాక, నేను బాబుకి నీళ్ళు పోసే వేళకి, ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. పరుగెత్తుకొచ్చి చూస్తే అత్తయ్యగారి పేరు ఉండేది కాదు. ఊళ్ళో ఇలాంటి వెధవలు ఉన్నారని అందరికీ తెలుసు. ఆడవాళ్ళ నెంబరు దొరికితే చాలు, ఒక రింగిచ్చి ఊరుకుంటారు, తిరిగి చేస్తారేమోనని. సండే స్కూలు చెప్పే అమ్మాయి ఒకతి ఆ బాధ పడలేక నెంబరే మార్చేసుకుంది.

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదూ అంటారా? చెబితే ఏమవుతుందో నాకు తెలుసు గనక.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవడో నా సైకిలు వెనక బుట్టలో చీటీ ఒకటి పడేశాడు. వాడెవడో ఈరోజుకీ తెలీదు. చీటీ తెచ్చి మా నాన్న చేతికి ఇచ్చింది నేనే. నాన్న దాన్ని చదివి, చింపి, మర్నాడు నుంచి బడికి వద్దన్నారు. "నేనేం చేశాను నాన్నా" అని అడిగితే, "నువ్వేం చేశావని కాదు" అన్నారు. అంతే. పరీక్ష ఫీజు కట్టిన తర్వాత మాట ఇది. అప్పట్నుంచి నాకు ఒకటి అర్థమైంది. చీటీ ఎవడు వేశాడన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎవరి బుట్టలో పడిందన్నదే చూస్తారు.

ఇప్పుడు ఈ ఫోనే నా బుట్ట.

"మాట్లాడవేంటి?" అంది వదిన. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతేనే నాకు భయం.

అప్పుడే వీధిలోంచి దగ్గు వినిపించింది. క్రీస్తుదాసు గారు. సంఘపెద్ద. ఆయన భార్య సుందరమ్మగారు కూడా యాత్రకు వెళ్ళిన గుంపులో ఉన్నారు. కొల్లేరువైపు ఆయనకి చేపల చెరువుంది. మేత వేసి తిన్నగా వచ్చినట్టున్నారు, మోచేతుల దాకా తవుడు.

"రింగు వచ్చిందా అమ్మా?" రోజూ ఇదే ప్రశ్న.

"లేదండి."

"నేనూ ఇందాక చేశాను. ఆ అమ్మాయి మళ్ళీ అదే మాట అంది. మీరు డయల్ చేసిన నెంబరు స్విచ్ఛాఫ్ చేయబడి ఉన్నది అని. అది కాదమ్మా, మా ఇంటిది బీపీ మనిషి, ఒక్కసారి కనుక్కుని చెప్పు అని ఎంత బతిమాలినా వినదే!"

"అది రికార్డింగు అండీ క్రీస్తుదాసు గారూ" అంది వదిన.

"అదేనమ్మా, అందుకే అంత మొండితనం." ఆయన అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే సాగింది. ఎప్పుడూ సుందరమ్మగారి మీద ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. వారం నుంచీ హోటల్లో ఇడ్లీలు తింటున్నారట. "వంట నాకు రాక కాదు. ఆ గిన్నెలు ముట్టుకోబుద్ధి కావట్లేదు" అన్నారు, ఎవరూ అడక్కపోయినా.

వదిన నన్ను లోపలికి లాగింది. వంటింటి గోడకి ఆనించి, గుసగుసగా, "చూడు, పెద్దమనిషి ముందు రచ్చ నాకిష్టం లేదు. అమ్మ జాడ తెలీక అందరం చస్తుంటే, ఈ ఫోను పెట్టుకుని నువ్వు ఎవడితోనో..." అంది. మిగతా మాట మింగేసింది. "సాయంత్రం తమ్ముడు బండి దిగుతాడుగా. నువ్వు చెబుతావో, నేను చెప్పాలో తేల్చుకో."

బాబు నా చీర పట్టుకుని లాగుతున్నాడు. వాడి నుదురు తాకి చూశాను. జ్వరమేం లేదు. భయం వేసినప్పుడల్లా వాడి నుదురు చూడటం నాకలవాటు.

"వదినా, నేను వాణ్ణి తిట్టానండి" అన్నాను.

"ఎవర్ని?"

"ఆ ఫోను చేసేవాణ్ణి. మొన్న పొద్దున్న కాచుక్కూర్చుని, మోగీ మోగగానే ఎత్తేశాను. ఎత్తి తిట్టాను. అప్పట్నుంచి మళ్ళీ చెయ్యలేదు, చూడండి కావాలంటే."

వదిన ఫోనులో చూసింది. నిజమే. మొన్నటి నుంచి ఏమీ లేదు.

"ఏమని తిట్టావు?"

"వద్దులెండి."

"చెప్పు."

"సిగ్గులేని వెధవా, నీకు తల్లి లేదా, అక్కాచెల్లెళ్ళు లేరా? ఇంకోసారి మోగిందంటే నువ్వెక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి చెప్పు తెగేదాకా కొడతాను, అన్నానండి."

అరుగు మీంచి క్రీస్తుదాసు గారు, "ఎవర్నమ్మా?" అన్నారు కంగారుగా.

"మిమ్మల్ని కాదండీ" అంది వదిన. ఆవిడ కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి. నమ్ముతోందా లేదా తెలియలేదు. పిల్లల్ని ఎన్నో ఏళ్ళుగా చూసిన కళ్ళు. అబద్ధాన్ని వెతుక్కుంటున్నాయి.

ఇంతలో ఆవిడ చేతిలోనే ఫోను మోగింది.

ప్రైవేట్ నెంబర్.

ఒక రింగు. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. రెండోది. మూడోది. బాబు చప్పట్లు కొట్టాడు. వదిన నన్ను ఒకసారి చూసి, పచ్చ బటన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా మొహానికి ఎదురుగా పట్టుకుని, క్లాసంతా అదిరిపడే గొంతుతో అరిచింది.

"ఎవడ్రా నువ్వు?"

అటునుంచి గరగరమని చప్పుడు. ఆ చప్పుడులోంచి ఒక గొంతు.

"మీ అమ్మని. ఒకతి చెప్పు తీసింది. నువ్వేం తీశావే క్యాథరినూ?"

"అమ్మా! అమ్మా, ఎక్కడున్నావు? బాగున్నావా?" ఆ టీచరు గొంతు ఏమైపోయిందో, చిన్నపిల్ల గొంతు బయటికొచ్చింది. నేను గోడకి జారి కింద కూర్చుండిపోయాను. కూర్చుని ఏడవాలో నవ్వాలో తెలీక బాబుని ముద్దు పెట్టుకున్నాను. క్రీస్తుదాసు గారు తవుడు చేతులతోనే వంటింట్లోకి వచ్చేశారు. మా వంటింట్లోకి ఆయన రావడం అదే మొదటిసారి.

"అందరూ బాగున్నారటండీ" అంది వదిన ఆయన వైపు తిరిగి. "ఇదిగో, సుందరమ్మగారు పక్కనే ఉన్నారట, మాట్లాడండి."

ఆయన ఫోను రెండు చేతులా పట్టుకున్నారు. "ఏవేవ్... బీపీ మాత్ర వేసుకున్నావా?... ఊఁ... ఊఁ... రోజుకి రెండుసార్లా? వేడినీళ్ళు ఊరికే వస్తున్నాయని రెండుసార్లు పోసుకుంటావా, జలుబు చెయ్యదూ?... నాకేం, నేను బాగానే ఉన్నాను. కోడికూర వండుకుంటున్నాను" అని పచ్చి అబద్ధం ఆడేసి, ఫోను వదినకిచ్చి, గబగబా చెరువుగట్టుకి వెళ్ళాలని చెప్పి బయటికెళ్ళిపోయారు. రోడ్డు మీద కనబడిన ప్రతివాళ్ళతోనూ, "అంతా క్షేమం, అంతా క్షేమం" అని చెబుతున్న కేక మాకు స్టేషను మలుపు దాకా వినబడుతూనే ఉంది. ఆ సాయంత్రానికి గుంపులో ఉన్న అందరి ఇళ్ళకీ ఆ మాట చేరిపోయిందట.

వదిన చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ "అవునా", "అయ్యో", "అలాగా" అంటూ నావైపు చూస్తోంది. చూసినప్పుడల్లా ఆవిడ చూపు కాస్త కాస్త కిందికి దిగుతోంది. చివరికి ఫోను నా చేతిలో పెట్టి, "నీతోనే మాట్లాడాలంటోంది" అని, నేను ఏదైనా అనేలోపే స్టవ్ దగ్గరికి వెళ్ళి టీకి గిన్నె పెట్టింది. మా ఇంటికి వచ్చిన ఏ ఒక్కసారీ ఆవిడ స్టవ్ ముట్టుకోలేదు. ఎప్పుడూ నేను పెట్టిన టీ తాగి, పంచదార ఎక్కువైందని చెప్పి వెళ్ళేది.

"అత్తయ్యగారూ, జ్యోత్స్ననండి."

"తెలుసమ్మా. నీ గొంతు ఇక్కడందరికీ తెలుసు."

"అంటే..."

"అంటే ఏముంది, మొన్న పొద్దున్న హోటలు ముందు బస్సెక్కి కూర్చున్నాం. ఇవాళ రింగు ఎలా పోతుందో చూద్దామని అందరూ నా చుట్టూ చేరారు. స్పీకరు పెట్టాను. నువ్వు ఎత్తావు. నేను నోరు తెరిచేలోపే పెట్టేశావు."

"అయ్యగారు కూడా..."

"అయ్యగారు ముందు సీట్లో ఉన్నారు. మొత్తం విన్నారు. విని, 'విక్టోరియమ్మగారూ, మీ ఇంటికి తాళం అక్కర్లేదండీ' అన్నారు. బస్సంతా ఒకటే నవ్వు. సుందరమ్మకి నవ్వి నవ్వి ఎక్కిళ్ళు. ఆ దేశం డ్రైవరు కూడా ఏమిటేమిటని అడిగాడు. ఎవరు చెబుతారు వాడికి?"

"తప్పయిపోయిందండి. మీ పేరు రాలేదండి, అందుకని ఎవడో అనుకున్నాను. మీ ఫోను ఏమైందండి?"

"నువ్వు వేయించిన రోమింగు బొంబాయి దాకానేనట. మన దేశంలో ఎక్కడికెళ్ళినా పలుకుతుంది గానీ, సముద్రం దాటితే దానికి వేరే రోమింగు ఉందట. అది ముందే ఆఫీసుకి వెళ్ళి చెప్పుకోవాలట. ఇక్కడ దిగాక దీన్ని ఎంత నొక్కినా సిగ్నలు గీత కూడా పడలేదు. ఆపేసి సంచిలో పడేశాను."

పై ఊరు అన్నాను నేను షాపులో. పై దేశం అనలేదు. ఆ ఒక్క మాట అనకపోవడం వల్ల ఇంతమంది ప్రాణాలు ఇన్నాళ్ళు గుప్పెట్లో పెట్టుకున్నారని అప్పుడు అర్థమై, సిగ్గుతో తల వంచుకున్నాను.

"నావల్లే అండి ఇదంతా."

"నీవల్ల ఏం కాదు. మనలో సముద్రం దాటినవాళ్ళెవరు, చెప్పడానికి? నేనూ అడగలేదుగా. ఏడవకు. పిల్లాడెలా ఉన్నాడు? పాలు తాగుతున్నాడా?"

"తాగుతున్నాడండి. మీరేం తింటున్నారండి?"

"తిండి సంగతి అడక్కు. గలిలయ సముద్రం, గలిలయ సముద్రం అని చిన్నప్పటి నుంచీ పాడానా! తీరా చూస్తే మన కొల్లేరమ్మా. గట్టున నిలబడితే ఆకివీడు వెళ్ళినట్టే ఉంది. కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత చేప పెట్టారు. పేతురు పట్టిన చేపట. ముళ్ళతో సహా వేయించి పళ్ళెంలో పడేశారు, మీద నిమ్మచెక్క. ఇంత మంచి చేపని పులుసు పెట్టడం తెలీదమ్మా వీళ్ళకి, పాపం."

నేను నవ్వేశాను. ఎన్ని రోజులైందో నవ్వి. స్టవ్ దగ్గర వదిన కూడా వెనక్కి తిరక్కుండానే నవ్వింది, భుజాలు కదిలాయి. ఇల్లంతా ఒక్కసారి కిటికీలన్నీ తీసినట్టు అనిపించింది నాకు. సాయంత్రం జాకబ్ బండి దిగుతారు. దిగి ఇంటికొస్తారు. నేను తలెత్తుకుని ఎదురెళ్ళి ఈ కబురు చెబుతాను. ఎంత తేలికైన సాయంత్రం!

"మరి మొన్నటి నుంచి మళ్ళీ చెయ్యలేదేంటండి? నా తిట్లకి కోపం వచ్చిందేమోనని..."

"కోపమేం లేదు. ఈ ఫోను నాది కాదుగా, దీని నెంబరు మీకు పడదట. ఈమె రోజూ పొద్దున్న డ్యూటీకి వెళ్ళే ముందు మా హోటలుకి వచ్చి, నా చేత ఒక రింగు కొట్టించి వెళ్ళేది. ఇక్కడ ఒక ముసలావిణ్ణి చూసుకునే పనిలో ఉంది. నిన్నంతా ఆ ముసలావిడ వదల్లేదట. ఇవాళ సెలవు దొరికింది. పరుగెత్తుకొచ్చింది."

"తెలుగువాళ్ళేనా అండి?"

"ఆఁ."

"మన జిల్లావాళ్ళా?"

లైను పోయిందేమోనని, "అత్తయ్యగారూ" అన్నాను. లైను ఉంది. వీధిలో కార్లు వెళుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆవిడకి ఫోను ఒక్కసారి ఇవ్వండి. నేను కూడా రెండు ముక్కలు చెబుతాను. ఆవిడ లేకపోతే మేమంతా ఏమైపోయేవాళ్ళం" అన్నాను.

అటువైపు ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ వెనకే చాలా మెల్లిగా, మన గోదావరి యాసలోనే, "వద్దమ్మా... ఇప్పుడొద్దు" అన్న ఆడగొంతు. అది నాతో అన్నమాట కాదు.

"జ్యోత్స్నా." అత్తయ్యగారి గొంతు మారిపోయింది. "క్యాథరిన్ నీ పక్కనే ఉందా?"

"టీ పెడుతున్నారండి."

"అయితే నువ్వేమీ మాట్లాడకు. ఊఁ అను, చాలు. నీకే ఎందుకు చెబుతున్నానంటే, నీ కడుపులో మాట ఆగుతుంది. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరి కడుపులోనూ ఆగదు. తిరిగొచ్చేరోజు హైదరాబాదుకి నువ్వే రావాలి. వాళ్ళెవరూ వద్దు. నేను ఒక్కదాన్నే రావట్లేదు."

"ఊఁ."

"ఈ ఫోను మా పెద్దమ్మాయిదే."

మా ఇంట్లో అమ్మాయి అంటే క్యాథరిన్ వదిన ఒక్కతే. గోడ మీద ఫోటోల్లోనూ అంతే, పెళ్ళిచూపులనాడు చెప్పిందీ అంతే. జాకబ్ కూడా ఎప్పుడూ, "మేమిద్దరమే" అంటారు. అనేటప్పుడు ఎందుకో అటు తిరిగి అంటారు. అది ఇన్నాళ్ళూ నాకు పట్టలేదు.

టీ గ్లాసు నా చేతికందిస్తూ, పొద్దుటి నుంచీ నామీద లేని చనువుతో, వదిన నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమంటోందే అమ్మ?"

"ఊఁ" అన్నాను నేను, ఫోనులో.